రాయికి అటువైపు

ఏవండీ,

బాగున్నారా అని అడగను. మీరు బాగానే ఉండి ఉంటారు. ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉన్నారని మన ఫెలోషిప్‌లో నెలకోసారి ఎవరో ఒకరు నాకు గుర్తు చేస్తూనే ఉన్నారు. బాగాలేనిది నేను. మీరు వెళ్ళి ఏడాది దాటింది. మీరు లేకుండా ఒక క్రిస్మస్ అయింది, ఒక ఈస్టర్ అయింది. ఆ ఈస్టర్ గురించే ఈ ఉత్తరం.

ఇన్నాళ్ళూ రాయలేదని నిష్ఠూరమాడకండి. రాద్దామని కూర్చున్నప్పుడల్లా మీ మీద కోపం వచ్చి లేచిపోయాను. తగ్గాక రాద్దాంలే అనుకున్నాను. ఇది తగ్గేలా లేదు... అందుకే కోపంతోనే రాస్తున్నాను. మీకు అక్కడ వేరే పనేం లేదు కదా, వినండి.

మిమ్మల్ని ఆ అమెరికా మిలిటరీ సెమెట్రీలోనే ఉంచాలా, తవ్వించి రాలీకి, మనింటి దగ్గరికి తెచ్చుకోవాలా, రేపు నేను పోతే నన్నెక్కడ పెట్టాలి... ఇది తేల్చమని మన ఫెలోషిప్ శాంసన్ అన్నయ్యగారు ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశారు. ఈ నెలాఖరే గడువన్నారు. మీరు చేసిపోయిన పని వల్ల వచ్చిన తలనొప్పి ఇది. మీరు ఎంచక్కా పడుకున్నారు.

ముందు మీ కూతురి సంగతి చెప్పనివ్వండి. ప్రిస్కిల్లాకి పదహారు వచ్చాయి. లైసెన్స్ తెచ్చుకుంది. మీ బ్రౌన్ కారు ఇప్పుడు అదే డ్రైవ్ చేస్తోంది. మీరు సీటు వెనక్కి ఎంత జరిపి పెట్టుకునేవారో అలాగే ఉంచి, వీపు వెనక దిండు పెట్టుకుని నడుపుతుంది. ముందుకు జరుపుకోవే, యాక్సిడెంట్ చేస్తావ్ అంటే వినదు. డాడీ సీట్ మమ్మీ, టచ్ చేయకు అంటుంది. మీ మొండితనమంతా దానికే వచ్చింది.

మీ మొండితనం... అసలు అక్కడ మొదలుపెట్టాలి నేను.

రాలీలోనే, మనింటికి పది నిమిషాల దూరంలో, టౌన్ సెమెట్రీలో మన తెలుగు కుటుంబాల కోసం శాంసన్ అన్నయ్యగారు ఒక వరస మాట్లాడి పెట్టారు. ఫెలోషిప్‌కి పెద్ద కదా, పెద్దరికం చేయకుండా ఉండలేరు. నల్ల గ్రానైటు రాళ్ళు, తెలుగులో వాక్యం, అటూ ఇటూ మనవాళ్ళే. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంతో సంబరంగా మనింటికి వచ్చారు. మీరు కాఫీ కప్పు కింద పెట్టి ఏమన్నారో గుర్తుందా?

"సముద్రం దాటి వచ్చాం అన్నయ్యా. ఇక్కడ కూడా మన పేట మనమే కట్టుకోవాలా?"

ఆయన మొహం మాడిపోయింది. నేను ప్లేట్లు తీసే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన వెళ్ళాక మీరు నాకు చెప్పారు, మీకు మిలిటరీ సెమెట్రీలో చోటుంది, అక్కడే పడుకుంటాను అని. అడగలేదు, చెప్పారు. అడగడానికీ చెప్పడానికీ తేడా ఉంటుందని ఇన్నేళ్ళ కాపురంలో మీకు నేర్పలేకపోయాను.

ఎక్కడుంది అది? రాలీ నుంచి రెండు గంటలు. పైన్ చెట్లు, నది, నది ఒడ్డున వరసలు వరసలుగా తెల్లరాళ్ళు. నూరేళ్ళకు పైమాట, ఈ దేశం వాళ్ళు రెండు ముక్కలై తమలో తాము కొట్టుకున్న యుద్ధంలో అక్కడే ఫ్రంట్ లైన్ ఉండేదట. చెట్ల మధ్య మట్టిగట్లు ఇంకా కనిపిస్తాయి, అప్పుడు తవ్వుకున్న కందకాలవి. పడినవాళ్ళను పడినచోటే హడావిడిగా కప్పేసి, యుద్ధం అయ్యాక మళ్ళీ తవ్వి తీసి ఒక్కచోటికి చేర్చారట. పేరు తెలిసినవాళ్ళకు పేరున్న రాయి. తెలియనివాళ్ళకు నేలలోంచి జానెడు పైకి లేచిన చిన్న చదరపు రాయి, దాని మీద ఒక నంబరు. అది కూడా గెలిచినవాళ్ళకే. ఓడినవాళ్ళను గేటు లోపలికి రానివ్వలేదు.

బాపట్ల దగ్గర పుట్టిన మనిషికి ఆ యుద్ధంతో ఏం పని? మీకున్న పని వేరే యుద్ధంతో. గుంటూరులో డాక్టరు చదివి డెట్రాయిట్ వచ్చి, గ్రీన్‌కార్డ్ చేతికందిందని సంబరపడేలోపే డ్రాఫ్ట్ నోటీసు. డాక్టర్లు చాలడం లేదు, సిటిజెన్ కాకపోయినా రావాలన్నారు. మీరు వియత్నాంలో, ఫ్రంట్‌కి దగ్గర్లో టెంటు ఆసుపత్రిలో ఏడాది. నేను చంటిబిడ్డ ప్రిస్కిల్లాతో, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, గుమ్మం ముందు మంచు ఎత్తిపోసుకుంటూ ఏడాది. దానికి బదులుగా చచ్చాక ఆరడుగుల నేల ఇస్తామన్నారు. మీరు దాన్ని బహుమతి అందుకున్నట్టు అందుకున్నారు.

"అక్కడ కల్నల్‌కీ వంటవాడికీ ఒకటే కొలత రాయి సుశీలా. అక్కడ ఊరి చివర అనేది ఉండదు."

ఆ మాట ఎందుకన్నారో నాకు తెలుసు. మామయ్యగారు పోయినప్పటి సంగతి మీరు నాకు ఒకేఒక్కసారి చెప్పారు. ముసురు పట్టిన రోజులు. మన పేట సమాధుల దొడ్డి మురుగు కాలవ పక్కన పల్లంలో ఉంది, మోకాలి లోతు నీళ్ళు. మెరక మీద ఉన్న బంజరులో పెట్టుకుంటామంటే ఊరు ఒప్పుకోలేదు. పెట్టెను ఊరి బజారు మీదుగా మోసుకెళ్ళడానికి కూడా ఒప్పుకోలేదు. నీళ్ళు తీసేదాకా మామయ్యగారిని వసారాలో పెట్టుకుని కూర్చున్నారు మీరూ అత్తయ్యా. అప్పటికి మీరు కాబోయే డాక్టరు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసి అటు తిరిగి పడుకున్నారు... ఆ కథ తెలిసినదాన్ని కనుకే మీ సెమెట్రీ గురించి నేను నోరెత్తలేదు.

ఇప్పుడు ఎత్తుతున్నాను.

మిమ్మల్ని సాగనంపిన రోజు ఏం జరిగిందో మీకు తెలియదు. యూనిఫారంలో కుర్రాళ్ళు వచ్చారు. తుపాకులు పేల్చారు, ప్రిస్కిల్లా ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. బాకా ఊదారు. మీ పెట్టె మీది జెండాను మూడు మూలలుగా మడిచి నా చేతుల్లో పెట్టి, ఈ దేశం మీకు రుణపడి ఉందని ఏదో అప్పజెప్పాడొకడు. అంతా బాగానే ఉంది. తర్వాత మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నారు.

అవును, వెళ్ళిపొమ్మన్నారు. పెట్టెను గోతిలోకి దించేది అందరూ వెళ్ళాకేనట, అక్కడి రూలట. మట్టి వెయ్యాలి అన్నాను. మా వాళ్ళలో అందరూ తలో గుప్పెడు వేస్తాం అన్నాను. సారీ మేడమ్ అన్నారు, చాలా మర్యాదగా. అప్పుడు కూడా శాంసన్ అన్నయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని రామ్మా, రూల్స్ కదమ్మా అని కారు దాకా నడిపించారు. మన పేటలో తాగుబోతు సాలెమోను పోతే కూడా పేటంతా వచ్చి మట్టి వేసింది. మీకు నేను వెయ్యలేదు. నా కూతురు వెయ్యలేదు. ఆ కోపం నాకు ఎవరి మీద చూపించాలో తెలియలేదు, మీ మీదే చూపిస్తున్నాను.

తర్వాత రాయి పెట్టారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. కాప్టెన్ యాకోబు, యు.ఎస్. ఆర్మీ, వియత్నాం. పైన చిన్న శిలువ. బాగుంది. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే అటువైపు ఖాళీగా ఉంది. ఆ సెమెట్రీ చూసుకునే సూపరింటెండెంట్ గేటు దగ్గరి ఇంట్లోనే ఉంటాడు, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. వెనక ఎందుకు ఖాళీ అని అడిగాను. అది మీ కోసం మేడమ్ అన్నాడు, శుభవార్త చెబుతున్నట్టు. నేను పోయాక నన్ను కూడా అదే గోతిలో మీ మీద పెడతారట. నా పేరు రాయికి వెనకవైపు చెక్కుతారట. పేరు కింద, అతని భార్య అని.

నర్సు అని రాయరా అని అడిగాను. రాయరట. మీ మీదికి పంపిస్తారు, మీ వీపు వెనక పేరు చెక్కుతారు, నేను ఏం చేసి బతికానో మాత్రం అక్కర్లేదు. ఇరవై ఏళ్ళు ఐసీయూలో నిలబడ్డాయండీ ఈ కాళ్ళు. మీరు యుద్ధంలో ఉన్నప్పుడు కూడా ఇంట్లో పొయ్యి వెలిగింది నా ఉద్యోగంతోనే. ఈ వెనకవైపు సంగతి మీకు తెలిసే ఉండాలి. ఒక్క ముక్క చెప్పారా నాకు?

సరే, ఈస్టర్.

మనకు ఈస్టర్ అంటే సమాధుల పండుగ. ముందురోజు సమాధి కడిగి సున్నం కొట్టుకోవాలి, పూలు కట్టుకోవాలి, తెల్లవారుజామున కొవ్వొత్తులు పెట్టి పాట పాడుకోవాలి. అత్తయ్య మామయ్యగారి సమాధికి ఎలా కొట్టేదో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఈతబరికె కుంచెతో, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా. మీరు ఇంటికి రాసే ప్రతి ఉత్తరంలోనూ ఈ ఏడు సున్నం కొట్టించారా అని ఉండేది. అలాంటి మనిషికి నేను మొదటి పండుగ ఎగ్గొడతానా?

మీ రాయి ఎలా ఉందో తెలుసా? నీడవైపు ఆకుపచ్చగా పాకుడు. గడ్డి కోసే మిషన్ చిమ్మిన మట్టి కింద అంతా. ఏడాది కూడా తిరగలేదు. చూడ్డానికి దిక్కూ మొక్కూ లేనివాడి సమాధిలా ఉంది.

ఇళ్ళు కట్టే సామాను అమ్మే షాపుకి వెళ్ళి సున్నం బస్తా అడిగాను. ఆ కుర్రాడు గోడ కడుతున్నారా మేడమ్ అన్నాడు. అవునన్నాను. ఇంటికొచ్చి బకెట్‌లో కలిపి, కాస్త జిగురు వేసి, చిటికెడు నీలిమందు కూడా వేశాను, అత్తయ్య వేసినట్టే. శనివారం మధ్యాహ్నం ప్రిస్కిల్లా డ్రైవ్ చేసింది. మమ్మీ, పర్మిషన్ అడగాలి కదా అంది దారిలో. మీ నాన్నకి నేను తలంటు పోయడానికి ఒకరి పర్మిషన్ ఏమిటే అన్నాను.

సూపరింటెండెంట్ కనిపించలేదు. మేము మా పని చేసుకున్నాం. కడిగి, తుడిచి, రెండు పూతలు వేశాను. మీ పేరు అక్షరాల్లోకి సున్నం దిగకుండా ప్రిస్కిల్లా తన గోరుతో గీసి తీసింది. ఎండ మీద పడేసరికి, అన్ని వందల రాళ్ళలో మీదొక్కటి... ఎంత బాగుందనుకున్నారు. పండగపూట తలంటుకుని కొత్త చొక్కా వేసుకుని నిలబడ్డట్టున్నారు. మీరు పోయాక మొదటిసారి నాకు కడుపు నిండా సంతోషం వేసింది.

బకెట్‌లో సున్నం మిగిలింది. మీకు తెలుసు కదా, మన దగ్గర మిగిలిన సున్నం ఇంటికి తీసుకెళ్ళరు. పక్కన ఎవరూ లేని సమాధి ఉంటే దానికి ఒక చెయ్యి వేస్తారు. మీ వెనక రెండు నంబరు రాళ్ళున్నాయి, పాపం పేరు కూడా లేదు. వాటికి వేశాను. ఇంకా మిగిలింది. వాటి వెనక కాస్త పల్లంలో పాత రాళ్ళ వరస ఉంది, పేర్ల కింద యు.ఎస్.సి.టి. అని అక్షరాలు. అదేదో పటాలం పేరనుకున్నాను. నలుగురికి వేశాను. బకెట్ ఖాళీ అయింది. చేతులు కడుక్కుని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే సూర్యుడు రాకముందు మళ్ళీ వెళ్ళాం. ఈసారి శాంసన్ అన్నయ్యగారు కూడా వచ్చారు, ప్రార్థన చేయడానికి. పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని నడుస్తుంటే మీ రాయి దగ్గర సూపరింటెండెంట్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి, దవడలు బిగించి ఉన్నాడు. మేడమ్, ఇది ఎవరు చేశారో మీరేమైనా చూశారా అన్నాడు. నేను ఎంతో గర్వంగా నేనే చేశాను అన్నాను.

అతను అప్పుడు చెప్పాడు. ఇంతకుముందు రెండుసార్లు ఎవరో వెధవలు గోడ దూకొచ్చి ఆ పల్లం వరస రాళ్ళ మీద రంగు గుమ్మరించి పోయారట. మళ్ళీ వాళ్ళే వచ్చారని అతను పొద్దున్నే పోలీసులకు ఫోన్ చేయబోతున్నాడట. నేను చేసింది ప్రేమతో అయితే మాత్రం ఏం, చూసేవాళ్ళకు అది కూడా అలాంటి పనే. ఆ మాట అర్థమయ్యేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

నేను నోరు తెరిచేలోపే శాంసన్ అన్నయ్యగారు అందుకున్నారు. సారీ సర్, హస్బెండ్ పోయిన షాక్‌లో ఉంది సర్, షీ ఈజ్ నాట్ వెల్, తెలియక చేసింది అని చేతులు పిసుక్కుంటూ చెప్పారు. నాకు మతి చలించిందని, నా ఎదురుగా, నా కూతురి ఎదురుగా. ఇంక ఒళ్ళు మండిపోయింది నాకు. అన్నయ్యగారూ, మీ అమ్మగారు ప్రతి ఏడూ సున్నం కొట్టేవారు, ఆవిడకీ మతి చలించిందా అన్నాను. పండగపూట, కొవ్వొత్తి చేత్తో పట్టుకుని.

తర్వాత సూపరింటెండెంట్ వైపు తిరిగాను. చేసింది నేనే, నాకు బుద్ధి బాగానే ఉంది, మా వాళ్ళలో ఇది గౌరవం అని చెప్పాను. విన్నాడు. మనిషి మంచివాడే. రాళ్ళన్నీ ఒక్కలాగే ఉండాలి మేడమ్, ఒకటి ఎక్కువ తెల్లగా ఉండకూడదు, ఇక్కడ అందరూ సమానం అన్నాడు.

అచ్చం మీ మాటే. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. సమానమైతే వీళ్ళు మాత్రం ఈ పల్లంలో విడిగా ఎందుకున్నారు, ఈ అక్షరాలేమిటి అని అడిగాను.

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. యు.ఎస్. కలర్డ్ ట్రూప్స్, అంటే నల్లవాళ్ళ పటాలాలు మేడమ్ అన్నాడు. యుద్ధం గెలిపించడానికి వాళ్ళూ చచ్చారట. పాతిపెట్టేటప్పుడు మాత్రం వాళ్ళను విడిగా ఈ కిందికి తెచ్చారట. ఆ రోజుల్లో అలా చేశారు, ఇప్పుడు చేయం అన్నాడు. మరి మా ఆయన ఇక్కడికి ఎలా వచ్చాడు అంటే, పైన నిండిపోయింది, ఖాళీ ఇక్కడే ఉంది అన్నాడు.

విన్నారా? ఊరి చివర ఉండదన్నారు మీరు. ఊరి చివరే ఉంది. మురుగు కాలవ కూడా ఉంది, కంచె పక్కన. మీరు ప్రపంచానికి ఈ చివరి దాకా వచ్చి, ఇంకొకరి యుద్ధం చేసి, మళ్ళీ అక్కడికే చేరుకున్నారు. ఆ పొద్దున నేను పాట పాడలేదు. ప్రిస్కిల్లా ఒక్కతే పాడింది, దాని అమెరికా తెలుగులో, ఒత్తులన్నీ మింగేస్తూ. పాట మధ్యలో మీలాగే ఆపేసి అటు తిరిగింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో శాంసన్ అన్నయ్యగారు మొదలుపెట్టారు. మన పరువు పోయిందమ్మా, తెల్లవాళ్ళ ముందు పల్లెటూరి పనులేంటమ్మా, యాకోబుని మన దగ్గరకు తెచ్చేసుకుందాం, మూవ్ చేయొచ్చు, నేను కనుక్కున్నాను, వరసలో రెండే చోట్లున్నాయి, ఇంకెవరో అడుగుతున్నారు, జూన్ ఎండింగ్‌లోగా చెప్పమ్మా అని. ఒక నిమిషం నాకు సరే అనాలనిపించింది. పది నిమిషాల దూరం. నా పేరు ముందువైపు. తెలుగులో. గుప్పెడు మట్టి వేసే అదృష్టం ఇంకోసారి. ఎందుకు వద్దనాలి నేను?

సున్నం మాత్రం నేనే తీస్తానని సూపరింటెండెంట్‌కి చెప్పాను. మా మనుషులు తీస్తారు మేడమ్ అన్నాడు. నా చేత్తో కొట్టాను, నా చేత్తోనే కడుగుతాను అన్నాను. సరే అన్నాడు. నీళ్ళు, మెత్తటి బ్రష్, అంతే. సోపు వద్దు, యాసిడ్ వద్దు, గీకొద్దు. తనే బకెట్లు తెచ్చి ఇచ్చాడు.

ఎన్ని శనివారాలు పట్టాయనుకున్నారు. మీది తొందరగానే పోయింది. ఆ నలుగురివి పోలేదు. పాత రాళ్ళు కదా, అక్షరాలు అరిగిపోయి సున్నం లోపలికంటా దిగిపోయింది. ప్రిస్కిల్లా ఒకవైపు, నేనొకవైపు కూర్చుని ఒక్కో అక్షరం కడిగాం. కొట్టేటప్పుడు నేను వాళ్ళ పేర్లు చదవలేదండీ. కడిగేటప్పుడు చదివాను. మోజెస్. ఏబ్రహాం. ఐజక్. శామ్యూల్. మోషే, అబ్రాహాము, ఇస్సాకు, సమూయేలు... మన పేట బడిలో హాజరు పిలిచినట్టుంది. మమ్మీ, దీజ్ ఆర్ లైక్ అవర్ పీపుల్స్ నేమ్స్ అంది ప్రిస్కిల్లా. అవునే అన్నాను.

ఆఖరి శనివారం ఇంటికొచ్చాక వెనక వాకిట్లో బూట్లు కడుక్కుంటున్నాను. జిగట జిగటగా నల్లమట్టి, పుల్లతో గీకినా రావడం లేదు. ఆ మట్టిని నేను ఇంతకుముందు కూడా గీకాను.

మీరు పోయే ముందు ఏడు ఒక ఆదివారం చర్చి ఎగ్గొట్టి ఒక్కరే వెళ్ళారు, ఆ సెమెట్రీ చూసొస్తానని. సాయంత్రం వచ్చేసరికి మంచి బూట్ల నిండా మట్టి. ఎక్కడ పొర్లాడి వచ్చారని తిట్టుకుంటూ అదే వాకిట్లో కూర్చుని నేనే గీకాను. ఇదే మట్టి. పైన గేటు దగ్గర, జెండా దగ్గర అంతా తెల్ల ఇసుకండీ. ఈ నల్లమట్టి ఆ పల్లంలో తప్ప ఎక్కడా లేదు.

అంటే మీరు కిందికి దిగి చూశారు. ఆ పేర్లు చదివారు. ఆ అక్షరాల అర్థం అడిగే ఉంటారు, అడగకుండా ఊరుకునే మనిషి కాదు మీరు. ఖాళీ ఎక్కడుందో కూడా తెలిసే ఉంటుంది. చూసొచ్చాక కూడా నాకు ఊరి చివర ఉండదనే చెప్పారు... ఎందుకు? నేను బాధపడతాననా? వద్దంటాననా? వాళ్ళ పక్కనైనా ఫరవాలేదనుకున్నారా, వాళ్ళ పక్కనే కావాలనుకున్నారా? మామయ్యగారిని వసారాలో పెట్టుకుని కూర్చున్నప్పుడు పక్కన కూర్చోవడానికి పేట బయటివాళ్ళు ఒక్కరూ రాలేదన్నారు. అందుకా?

నాకు చెబితే ఏం పోయేదండీ? నేను కాదన్నానా ఎప్పుడైనా? యుద్ధానికి వెళ్ళాలన్నా సరే అన్నాను. డెట్రాయిట్ వదిలి ఈ రాలీకి వద్దామన్నా సరే అన్నాను. ఇది మాత్రం దాచుకుని పోయారు. బూట్లు కడగడానికి పనికొచ్చాను, మాట చెప్పడానికి పనికిరాలేదు. ఆ వాకిట్లోనే బూటు తీసి గోడకేసి కొట్టాను. ప్రిస్కిల్లా పరిగెత్తుకొచ్చింది. దానికేం చెప్పను? మీ నాన్నతో పోట్లాడుతున్నానని చెప్పాను. అది నా పక్కన మెట్టు మీద కూర్చుని, హూ ఈజ్ విన్నింగ్ అని అడిగింది. ఆ రోజు ఇద్దరం బాగా ఏడ్చాం.

నిన్న శాంసన్ అన్నయ్యగారికి ఫోన్ చేశాను. ఆ రెండు చోట్లూ అడిగేవాళ్ళకు ఇచ్చేయండి అన్నాను. ఆయన బాగా నొచ్చుకున్నారు. చాలా దూరమమ్మా, మనవాళ్ళు ఎవరూ ఉండరమ్మా అక్కడ అన్నారు. ఉన్నారన్నాను. ఎవరు అన్నారు. పేర్లు చెప్పాను, నలుగురివీ. ఆయన తెలుగువాళ్ళే అనుకున్నట్టున్నారు, ఏ ఊరివాళ్ళమ్మా అని అడిగారు.

కాబట్టి మిమ్మల్ని కదిలించను. నేనూ అక్కడికే వస్తాను. కోపం తగ్గి కాదు, అలా అనుకోకండి. మీ మీదే పెడతారు కదా, తీరిగ్గా అడుగుతాను. ఆ బూట్ల సంగతి చెప్పేదాకా మీకు నిద్ర ఉండదు. నర్సు అన్న మాట కోసం సూపరింటెండెంట్‌తో పోట్లాడుతూనే ఉంటాను. నేను పోతే ప్రిస్కిల్లా పోట్లాడుతుంది.

వచ్చే ఈస్టర్‌కి సున్నం తేను, మాటిస్తున్నాను. నీళ్ళు, మెత్తటి బ్రష్, అంతే. మీకూ, నంబర్ల వాళ్ళకూ, ఆ నలుగురికీ. కొవ్వొత్తి మాత్రం వెలిగిస్తాను. రూలంటే ఆర్పుకోమనండి, మళ్ళీ వెలిగిస్తాను. ఒక గుప్పెడు మట్టి కూడా తెస్తాను. వేసే తీరతాను.

ఇంకొక్క మాట. ఆఖరి రోజు కడగడం అయ్యాక మోజెస్ రాయి పక్కన గడ్డిలో చతికిలబడి పైకి చూశాను. అక్కణ్ణుంచి మీ పేరు కనిపించదు. మీ రాయి వెనకవైపు కనిపిస్తుంది, ఆ ఖాళీ వైపు. మీ ముందు గేటు, రోడ్డు, జెండా. వాళ్ళ వైపు తిరిగి ఉన్నది నా వైపు. నా పేరు చెక్కాక, ఆ పల్లంలో వాళ్ళకు ఎదురుగా కనిపించేది నేనే.

మీరు జెండా చూసుకోండి. వాళ్ళను నేను చూసుకుంటాను.

సుశీల,
స్టాఫ్ నర్స్